గుమ్మం దగ్గరి ఇంటూ గుర్తు

సెప్టెంబర్ 8, సోమవారం

చేతికి కాయలు కాసినట్టే గొంతుకీ కాస్తాయట. నాకు రెండు కాశాయి. ఇరవై రెండున ఆపరేషన్. తరువాత రెండు వారాలు నోరు మెదపకూడదు, గుసగుసలు కూడా కుదరవు. ఆ తరువాత వచ్చేది ఈ గొంతేనా అని అడిగాను. ఇంతకన్నా బాగుండొచ్చమ్మా, ఇదే మాత్రం కాదు అంది డాక్టరమ్మ. ఇంకో ఆరు నెలలు ఆగితే ఏ గొంతూ మిగలదట.

అంటే ఈ వారం చేసే క్యాసెట్ ఒక్కటే. ఈ గొంతు ఇక దాంట్లోనే ఉంటుంది.

లింతాంగ్‌కి ఒక్కదానికే చెప్పాను. పదకొండేళ్ల కిందట హాస్టల్ వంటింట్లో గిన్నెలు తోముతూ పాడటం మొదలుపెట్టాం ఇద్దరం. మా జంటకి పేరు కూడా ‘పావోన్’ అనే పెట్టుకున్నాం, మా భాషలో వంటిల్లు అని. నాకన్నా ముందు అదే ఏడ్చింది. ఏడవకే పిచ్చిదానా, నీ గొంతు ఎక్కడికీ పోనివ్వను, క్యాసెట్లో మూతపెట్టి దాచేస్తాను అంది. క్యాసెట్ తీసే జారోత్ అన్నకి మాత్రం చెప్పొద్దే అన్నాను. నా నోట్లోంచి రాదు అంది.

సెప్టెంబర్ 9, మంగళవారం

మొదటి రోజు. జారోత్ అన్న ఇంటి ముందుగది. గది మధ్య ఒకటే మైక్. నేల మీద నీలం టేపుతో ఇంటూ గుర్తులు, వాటి పక్కన మా పేర్లు. ఎవరి గుర్తు మీద వాళ్లు పీట వేసుకోవాలి. ఎవరు ఎంత వినిపించాలన్నది ఆ దూరమే తేలుస్తుంది. గదిలో జరిగిందే క్యాసెట్, తరువాత ఎవడూ చెయ్యి పెట్టడు అంటాడు అన్న. తొమ్మిదేళ్లుగా ఆయన క్యాసెట్ల లేబుల్‌కి ఉన్న పేరంతా ఆ ఒక్క మాట మీదే.

ఇంకో నియమం కూడా ఉంది. పాడిన వాళ్లు టేపు వినకూడదు. విడుదల రోజు పసుపు అన్నం కొండలా పోసి, దాని కొన కోసి పెద్దవాళ్లకి ఇచ్చాక, అందరం కలిసి మొదటిసారి వింటాం. ఆవిరి పట్టకముందే మూత తీస్తే అన్నం పలుకవుతుంది అంటాడు. ఏ పాటగాడికైనా తన గొంతు విన్నాక మర్నాడు భయం పట్టుకుంటుందట. నిజమే అనిపిస్తుంది నాకు.

నా గుర్తు మైక్‌కి మూరెడు దూరంలో. లింతాంగ్‌ది దానికి రెట్టింపు. నేను కట్టిన దంపుడు పాటలో మొదటి చరణం నేనొక్కదాన్నే ఎత్తుకోవాలి, రెండోదానికి అది కలవాలి. మూడేళ్ల కిందట నన్ను లేబుల్‌లోకి తీసుకున్న రోజు జారోత్ అన్న చెప్పిన మాట ఇంకా గుర్తుంది. నీ గొంతులో ఊక ఉందమ్మాయ్, దాన్ని చెరిగి పారెయ్యకు అన్నాడు.

ఈ రోజు ఊక బాగానే రాలింది.

సెప్టెంబర్ 10, బుధవారం

పొద్దున వెళ్లేసరికి నా గుర్తు రెండు మూరలు వెనక్కి జరిగి ఉంది. నీది గట్టి గొంతమ్మాయ్, మైక్ బెదిరిపోతోంది అన్నాడు అన్న. లోలోపల మురిసిపోయాను. పొగిడితే ఎంత వెనక్కైనా జరుగుతాను, అదీ నా తెలివి.

సెప్టెంబర్ 11, గురువారం

ఇంకా వెనక్కి. ఇప్పుడు గుమ్మం దగ్గరున్నాను. నా పాత చోట లింతాంగ్. శ్రుతి అయిన గిటారునే మళ్లీ మళ్లీ శ్రుతి చేస్తోంది. ఏమే, నా పక్క చూడవేం అన్నాను. తీగ పాతదయింది అంది.

దంపుడు పాట మళ్లీ పాడుతుంటే మధ్యలో, వీధిలో బక్సో, అదే మాంసపు ఉండల పులుసు, అమ్మే బండివాడు గిన్నె మీద చెంచాతో టింగుటింగుమని కొట్టాడు. మళ్లీ పాడదామా అన్నాను. ఉండనీ, వీధి కూడా పాటలో భాగమే అన్నాడు అన్న. అందుకే కదా ఈయనంటే నాకు ఇష్టం.

సెప్టెంబర్ 12, శుక్రవారం

అయిపోయింది. ఇంత బాగా ఎప్పుడూ పాడలేదు. గుమ్మం దగ్గర గాలి కూడా బాగుంది.

సెప్టెంబర్ 22, సోమవారం, ఉదయం 6

మంచినీళ్లు కూడా తాగొద్దన్నారు. భయంగా ఉంది. క్యాసెట్ ఉందిలే.

సెప్టెంబర్ 27, శనివారం

పలక మీద రాసి చూపిస్తున్నాను. ఇంటి ఓనరమ్మ తుతిక్ పిన్నికి మూగకీ చెవిటికీ తేడా తెలియదు. అన్నం తిన్నావా అని వీధి చివరికి వినపడేలా అరుస్తోంది. నవ్వు వస్తోంది, నవ్వకూడదట. లింతాంగ్ ఒక్కసారి వచ్చింది, గుమ్మంలోంచే అల్లం పానకం సీసా ఇచ్చి వెళ్లిపోయింది. రిహార్సల్ ఉందట. నేను లేకుండా రిహార్సల్ ఏమిటో అడుగుదామని పలక తెచ్చేలోపే బండి మలుపు తిరిగింది.

అక్టోబర్ 4, శనివారం

విడుదల. నలభై మంది వచ్చారు. చాపలు పరిచారు. మధ్యలో పసుపు అన్నం కొండ, చుట్టూ వేయించిన సోయా తెంపే ముక్కలు, ఉడికించిన గుడ్లు, ఆకుకూర. జారోత్ అన్న కొన కోసి, అరిటాకులో పెట్టి, నా చేతికిచ్చాడు. ఈ పాటల తల్లి ఈ పిల్లే, ఇప్పుడు మాట్లాడకూడదు కాబట్టి క్యాసెట్టే మాట్లాడుతుంది అన్నాడు. చప్పట్లు. కళ్లు చెమర్చాయి నాకు.

క్యాసెట్ పెట్టారు.

దంపుడు పాట మొదటి చరణం. ఏమీ లేదు. గది నిశ్శబ్దం, ఎక్కడో గోడ అవతల ఎవరో ఆడమనిషి తనలో తాను గొణుక్కుంటున్నట్టు ఏదో సవ్వడి. వచ్చినవాళ్లు ముందుకి వంగి చెవులు రిక్కించారు. రెండో చరణంలో లింతాంగ్ గొంతు వచ్చింది, నిండుగా, ఊపిరితో సహా. అందరూ హమ్మయ్య అని వెనక్కి వాలారు. ఆ తరువాత బక్సో బండివాడి గిన్నె. టింగు, టింగు. ఎంత స్పష్టంగా ఉందో! నా పాటలో నాకన్నా వాడే బాగా వినిపించాడు.

పక్కన కూర్చున్న ముసలాయన, దూరంగా ఆ గొణుగుడు పెట్టడం భలే ఉందండీ, దెయ్యంలా అన్నాడు.

అరవాలనిపించింది. ఇంకా రెండు రోజులు అరవకూడదు. నలభై మంది మధ్య నోరు మూసుకుని, చేతిలో అన్నం కొనతో, నేను లేని నా పాటలు పదీ విన్నాను.

అయ్యాక లేచి వెళ్లి ఆ ఆకు లింతాంగ్ చేతిలో పెట్టాను. తీసుకో, ఇది నీదే అని నా ఉద్దేశం. దానికి అర్థమయింది. మిగతా వాళ్లంతా చప్పట్లు కొట్టారు. స్నేహమంటే ఇదీ అన్నారు.

పలక మీద రాసి జారోత్ అన్నకి చూపించాను. ఎందుకు ఇలా అని. ఆయన గొంతు తగ్గించలేదు కూడా. చూడమ్మాయ్, టేపు మీద నా వేలు పడలేదు, గదిలో జరిగిందే అది, ఎక్కడ కూర్చున్నావో నీకు తెలియదా అన్నాడు. తెలుసు. నా కాళ్లతో నేనే వెళ్లి కూర్చున్నాను. కత్తి లేకుండా కోయడం అంటే ఇదే.

వచ్చేటప్పుడు గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కున్నాను. ఎనభై చెప్పుల గుట్ట. తవ్వితే అడుగున నీలం టేపు, వెనింగ్ అని నా పేరు. చాపలు అంతదాకా రాలేదు. గోటితో పీకి తెచ్చాను. ఈ పేజీకి అంటించాను.

అక్టోబర్ 5, ఆదివారం

లింతాంగ్ వచ్చింది. అరగంట అదే మాట్లాడింది. నాతో పోట్లాడటానికి ఇంత మంచి అదను దానికి మళ్లీ దొరకదు.

మొదటి రోజు సాయంత్రమే అన్న దానికి టేపు వినిపించాడట. మూత తీశారన్నమాట. నా గొంతు రెండుచోట్ల విరిగిందట. ఏమైందే దీనికి అని ఆయన గుచ్చి గుచ్చి అడిగితే చెప్పేశానే, ఏం చెయ్యను అంది. జనవరిలో తైపేలో పదిహేను కచేరీలు ఉన్నాయట. క్యాసెట్లో ఉన్న గొంతు స్టేజీ మీదకి రాకపోతే నన్ను తంతారు అన్నాడట ఆయన. నీది వస్తుందో రాదో తెలియదు, నాది వస్తుంది, పావోన్ బతకాలి కదా అంది. నీకోసమే చేశానే అని కూడా అంది. ఆ మాట అనకుండా ఉంటే క్షమించేదాన్నేమో.

మొదటి రోజు టేపు ఇవ్వు, అది చాలు అని రాసి చూపించాను.

పలక చదివి తిప్పి ఇచ్చేసింది. ఆ టేపు మీదే రెండో రోజు పాటలు ఎక్కించేశాం అంది.

మూత పెట్టి దాచేస్తానన్నావు కదే అని రాయబోయి, రాయలేదు. తుడిచేశాను. పీట తెచ్చి గుమ్మం బయట వేసి దానికి చూపించాను. కూర్చోలేదు, వెళ్లిపోయింది.

అక్టోబర్ 7, మంగళవారం

మాట్లాడొచ్చన్నారు. పొద్దున తుతిక్ పిన్నితో మొదటి మాట, కాఫీ ఉందా అని. ఆవిడ వెనక్కి తిరిగి ఇంకెవరైనా వచ్చారేమోనని చూసింది. సన్నగా, శుభ్రంగా ఉంది గొంతు. ఊక ఒక్క పలుకు లేదు. బాగానే ఉంది, కానీ నాకు పరిచయం లేదు.

పది గంటలకి ఫోన్. లింతాంగ్. ఎత్తి, హలో అన్నాను. ఎవరండీ మాట్లాడేది, వెనింగ్ ఉందా అని అడిగింది.

లేదండీ అన్నాను.