ఫుల్‌హ్యాండ్స్ చొక్కా

రవీ,

నువ్వు పోయి ఇవాళ్టికి మూడేళ్లు. పర్ణశాల వెళ్లి గోదావరిలో నీకు నీళ్లు వదులుదామంది అమ్మ. సెలవు దొరకలేదని అబద్ధం చెప్పి డ్యూటీకి వచ్చేశాను. నిన్ను మలేరియా తీసుకుపోయిందనే ఆమె ఇప్పటికీ అందరికీ చెబుతుంది.

మా ఖమ్మం దవాఖానాలో ఇవాళ ఒక బొగ్గు లారీ డ్రైవరుకి గుండె కవాటం మీద పేరుకున్న ఇన్‌ఫెక్షన్ గడ్డలు తీశారు. సత్తుపల్లి వాడు, నీ వయసే. ఛాతీ కోయలేదు రా. తొడ దగ్గర నరంలోంచి గొట్టం పంపి పీల్చేశారు. నీకొచ్చిందీ అదే జబ్బు, మత్తు కోసం పొడుచుకునే అవే సూదుల వల్ల. ఇంకా ఆరు వారాలు మందు ఎక్కించాలి గానీ, బతుకుతాడంటున్నారు.

తెచ్చిన రోజు చలిజ్వరంతో వణికిపోతున్నాడు. వాళ్లక్క నా చెయ్యి పట్టుకుని, "మలేరియానే మేడం, మా దిక్కు అందరికీ వస్తది" అంది. ఆమెను బయటికి పంపి, వాడి చొక్కా చేతులు పైకి మడిచాను. మోచేతి మడతల్లో సూది పోట్లు.

"సూదులు ఎన్నొద్దుల సంది తీసుకుంటున్నవ్?"

"ఏడాదైంది అక్కా. మా అక్కకు చెప్పకు."

డాక్టరుకు మాత్రం చెప్పాను.

నిన్ను భద్రాచలంలో చూపించిన రోజు మలేరియా అని చెప్పింది నేనే. నర్సును కదా, అక్కడి డాక్టరు నమ్మేశారు. అంత ఎండలో నీకు ఫుల్‌హ్యాండ్స్ చొక్కా ఎందుకని కూడా ఆయన అడగలేదు. ఆయన గదిలోకి వచ్చే ముందు దాని చేతులు కిందికి లాగి గుండీలు పెట్టింది నేనే.

మీ అక్క