మురళి బొటనవేలు, గరాజ్‌లో స్నోమొబైల్

ఏప్రిల్ 5

మంచు పూర్తిగా పోయింది. మా ఊరు నోవైలో జనం అప్పుడే షార్ట్స్‌లో తిరుగుతున్నారు. మా గరాజ్‌లో మంచు మీద నడిపే స్నోమొబైల్ మాత్రం ఆఖరిసారి మా ఆయన మురళి దిగినప్పటి బురదతో అలాగే ఉంది. జనవరిలో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాడు, నాలుగంటే నాలుగుసార్లు నడిపాడు. ఫిబ్రవరిలో స్ట్రోక్. కుడి చెయ్యి పడిపోయింది. నలభై ఆరేళ్లకి.

ఈ ఉదయం, మాట మాటకీ ఆగుతూ — "బండి... సమ్మర్ స్టోరేజ్... చెయ్యాలి." ఎండాకాలమంతా బండి పాడవకుండా భద్రం చెయ్యడమన్నమాట. హాస్పిటల్ నుంచి వచ్చాక తనంతట తాను అడిగిన మొదటి పని. అమ్మేద్దామని నోటిదాకా వచ్చింది. మింగేశాను.

ఏప్రిల్ 12

గరాజ్‌లో కుర్చీ వేసుకుని మురళి, కింద సిమెంట్ మీద నేను. ఇంట్లో బల్బు కూడా మార్చని మనిషిని. కడిగాను, తుడిచాను. ట్యాంకులో పెట్రోల్ పాడవకుండా మందు కలిపాను. ఇంజన్ నడుస్తుండగా లోపలికి ఆయిల్ స్ప్రే... తెల్లటి పొగ, కళ్ళలో నీళ్ళు. వెనక భాగం జాకీ మీద ఎత్తి, చక్రాల బదులు తిరిగే రబ్బరు ట్రాక్ లూజ్ చేశాను. ఎలుకలు దూరకుండా సైలెన్సర్ గొట్టంలో స్టీలు పీచు కుక్కాను. "ఎలుకలు... చాలా ఇంపార్టెంట్." రెండుసార్లు అన్నాడు. తిండి వస్తువేదీ గరాజ్‌లో ఉండకూడదట. బియ్యం బస్తాలు కూడా లోపలికి మార్పించాడు.

అంతా అయ్యాక కర్ర పట్టుకుని లేచి హ్యాండిల్ దగ్గరికి వచ్చాడు. కుడి చేతిని ఎడమ చేత్తో ఎత్తి గ్రిప్ మీద పెట్టుకున్నాడు. ఈ బండికి యాక్సిలరేటర్ ఒక చిన్న లీవర్, కుడి బొటనవేలితో నొక్కాలి. మెడ నరాలు ఉబ్బాయి. వేలు కదల్లేదు.

"డిసెంబర్‌కి నొక్కుతా."

సరేనన్నాను.

ఏప్రిల్ 18

అత్తయ్య పట్టు. కొడుక్కి బాగాలేదని ఖమ్మం నుంచి వచ్చి నెలైంది, వచ్చినప్పటినుంచీ ఒకటే మాట — "పూజ చెయ్యకుండ ఎక్కిండు బండి. అందుకే ఇట్లయింది." కవర్ వేయకముందే పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. ట్రాక్ కింద నిమ్మకాయలు. అక్షింతలైతే గుప్పెళ్లతో చల్లింది. పైపైన ఊడ్చి కవర్ వేసేశాను. పదింటికి మీటింగ్.

మే 20

థెరపీ. బొటనవేలు... సున్నా.

జూన్ 14

మురళి రోజూ కవర్ కింద చెయ్యి దూర్చి ఇరవైసార్లు ప్రయత్నం. అత్తయ్య పక్కన నిలబడి లెక్కపెడుతుంది. ఇరవై అయ్యాక ఇద్దరూ లోపలికొస్తారు.

జూలై 22

థెరపిస్ట్ నన్ను పక్కకి పిలిచింది. స్ట్రోక్ వచ్చి ఆరు నెలలు దగ్గరపడుతున్నాయి, ఇకపై పెద్దగా మార్పు రాకపోవచ్చు, ఆశలు కొంచెం తగ్గించుకోండి అని... మర్యాదగానే చెప్పింది.

కార్లో మురళి: "ఏమంది?"

"ఇంప్రూవ్‌మెంట్ ఉందంది."

నాకు అబద్ధం చెప్పడం రాదని ఇరవై ఏళ్లుగా తనకి తెలుసు. కిటికీ వైపు తిరిగాడు.

ఆగస్టు 3

థెరపీకి రానన్నాడు. మంచం, గోడ. గడ్డం పెరిగిపోయింది. అత్తయ్య అన్నం కలిపి తెస్తే నోరు తెరవడు. "వేలు కూడా... కదపలేనివాణ్ణి... ఎందుకు బతికించారు." కన్నతల్లి ఎదురుగా. ఆమె ముద్ద చేతిలో పట్టుకుని అలాగే కూర్చుంది. నాకు ఒళ్ళు మండింది. భయం కూడా వేసింది.

ఆగస్టు 9

గరాజ్‌లో ఏదో కంపు. కవర్ తీసి బానెట్ ఎత్తాను. ఎలుక గూడు. సీటులోంచి పీకిన స్పాంజి, పసుపు రంగు బియ్యం, కొరికేసిన చిన్న గుడ్డమూట. గుడ్డ అత్తయ్య పాత జాకెట్‌ది. మిగిలిన అక్షింతలు మూటగట్టి, బండికి రక్షగా ఉంటాయని నాకు తెలియకుండా లోపల పెట్టిందన్నమాట. బియ్యం బస్తాలు మోసి మోసి నడుం పట్టేసింది నాకు... ఎవరిని తిట్టను.

యాక్సిలరేటర్ కేబుల్ తొడుగంతా కొరికేశాయి. వీడియో చూసుకుంటూ ఇంజన్ దగ్గర కేబుల్ విప్పేసి కొత్తది ఆర్డర్ చేశాను. లీవర్‌లో ఉన్న బుల్లి స్ప్రింగు తప్ప, ఇంజన్ వైపు బరువు పోయాక, ఇప్పుడు ఆ లీవర్‌ని పట్టి ఆపేదేమీ లేదు. చిటికెన వేలితో నొక్కినా పోతోంది.

అత్తయ్యకి చెప్పను. చెబితే ఇంట్లో ఇద్దరు తిండి మానేస్తారు.

ఆగస్టు 13

ఆఫీసు కాల్‌లో ఉన్నాను. గరాజ్‌లోంచి మురళి కేక. పడిపోయాడనుకుని చెప్పుల్లేకుండా పరిగెత్తాను.

ఒక్కసారి నొక్కి చూడు నాన్నా అని అత్తయ్య బతిమాలి తీసుకొచ్చిందట. బొటనవేలు లీవర్ మీద. నా కళ్ళముందే వంగింది. లీవర్ కిందికి పోయింది. మళ్ళీ... మళ్ళీ.

"సుధా... వచ్చింది."

ఏడుస్తున్నాడు. అత్తయ్య బండికి దండం పెడుతోంది. "అమ్మవారు ఊకె పోనియ్యదని అన్న గదా."

చెప్పాలని నోరు తెరిచాను. "బాగుంది" అన్నాను.

ఆగస్టు 14

ఎడమ చేత్తో గడ్డం గీసుకున్నాడు. రెండుచోట్ల తెగింది. పప్పన్నం మారు పెట్టించుకున్నాడు.

ఆగస్టు 19

థెరపీకి తనే తయారయ్యాడు. అక్కడ వేలి బలం కొలిచే మీటర్ మీద నొక్కితే ముల్లు కాస్తంత లేచింది. ఆ కాస్త కూడా ఇదివరకు లేదు, థెరపిస్ట్ మెచ్చుకుంది. మురళికి చాల్లేదు. "వాళ్ళ మీటర్... తప్పు." నవ్వాడు కూడా. వేలు కదలడం నిజం. ఎంత బరువుని కదిలిస్తోందన్నదే అబద్ధం, ఆ అబద్ధం నాది. పదిహేనేళ్లు బ్రేకులు డిజైన్ చేసిన మనిషి, లీవర్ అంత తేలిగ్గా ఎందుకుందని అడగడు.

ఆగస్టు 21

కేబుల్ వచ్చింది. కార్ డిక్కీలో దాచాను.

ఆగస్టు 23

డిసెంబర్ దాకా ఎందుకు, రేపే స్టార్ట్ చేద్దామన్నాడు. ఆఫీసులో ఇద్దరిని పిలిచాడు కూడా. అత్తయ్య పులిహోరకి చింతపండు నానబెట్టింది. కేబుల్ బిగిస్తే వేలు ఆగిపోతుంది. బిగించకపోతే రేపు అందరి ముందూ ఎంత నొక్కినా ఇంజన్ ఉలకదు.

భోజనాల ముందు గరాజ్‌లోకి వెళ్ళి ఒక కొస బిగించాను. రెండో కొస చేతిలో ఉండగా తలుపు తెరుచుకుంది. మురళి. నా చేతిలోది చూశాడు, నేలమీద పాత కేబుల్ చూశాడు. పళ్ళగాట్లు. దాని పక్కన నేను ఎత్తడం మర్చిపోయిన గుడ్డముక్క, నాలుగు పసుపు గింజలు.

అన్నీ చెప్పేశాను. ఎన్ని రోజులుగా దాచానో కూడా.

ఆ గుడ్డముక్కని కర్రతో పక్కకి నెట్టాడు. తర్వాత, "అమ్మకి... చెప్పకు." ఇంకాసేపటికి, "బిగించు."

బిగించాను. కుడి చేతిని ఎత్తి గ్రిప్ మీద పెట్టుకున్నాడు, వేలు లీవర్ మీద ఆనించాడు. అరగంటైంది. ఇంకా నొక్కలేదు. నేను మెట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. లోపల్నుంచి అత్తయ్య అన్నానికి పిలుస్తోంది...