ఆమెను మా మనిషిగా రాసుకొనుట గురించి

గృహ కేటాయింపు అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: మా ఇంట్లో ఉంటున్న 'బయటి మనిషి'ని పంపివేయాలని, లేనిచో ఇల్లు ఖాళీ చేయాలని తమ కార్యాలయం ఇచ్చిన నోటీసుకు సమాధానము, మనవి.

బిస్కెట్ల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేయు నేను, తమ దయ వలన పేదల వాటాల భవనం మూడో అంతస్తు చివరి ఇంట్లో భర్తతోనూ కూతురితోనూ కాపురముంటున్నాను. లారీ మీది నుంచి బస్తా పడి నా భర్తకు నడుము దెబ్బతిన్న తరువాత మేము ఒక రేకుల షెడ్డులో తలదాచుకొన్నాము. వాన వస్తే పిల్లను బల్ల మీద పడుకోబెట్టి మేమిద్దరం నిలబడేవాళ్ళము. అటువంటి మాకు నాలుగు గోడలు, ఒక తలుపు ఇచ్చిన తమ కార్యాలయానికి ఎదురు చెప్పే ఉద్దేశం నాకు లేదు. జరిగినది జరిగినట్టు విన్నవించుకొంటున్నాను.

1. ఇల్లు మాకు అప్పగించిన నాడు పాత తాళం మార్చలేదు. ఇది తప్పుపట్టుట కాదు. తరువాతిదంతా దానితోనే మొదలైంది కనుక రాస్తున్నాను.

2. చేరిన కొద్ది రోజులకే ఇంట్లో తేడా కనిపించింది. పొద్దున హడావిడిలో వదిలేసిన గిన్నెలు నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి తోమి బోర్లించి ఉండేవి. పార్కింగులో కాపలా ఉద్యోగం చేసే నా భర్త వచ్చి తోమి వెళ్ళాడని నేననుకొన్నాను. నేనే తోమానని ఆయన అనుకొన్నాడు. తీగ మీది బట్టలు మడతపెట్టి ఉండేవి. ఆ మడత నాది కాదు. మా పిల్ల గౌను చేతులు రెండూ లోపలికి మడిచి, గుండెల మీద పెట్టుకొని నిద్రపోతున్నట్టుగా ఉండేది.

దయ్యమేమోనంటే నా భర్త నవ్వేశాడు. "దయ్యమైతే గిన్నెలు తోముతుందటే? అలాంటి దయ్యం ఇంటికొకటుండాలి" అన్నాడు.

ఒకనాడు బడి తొందరగా వదిలేశారు. నేను వచ్చేసరికి పిల్ల రెండు జడలతో కూర్చొని ఉంది. పొద్దున నేను వేసినది ఒక్క జడ.

"ఎవరు వేశారే?"

"ఆ అమ్మ."

"ఏ అమ్మ?"

"పగలు మనింట్లో ఉంటుందిగా, ఆ అమ్మ."

ఈసారి నా భర్త నవ్వలేదు.

3. మర్నాడు పనికి బయలుదేరి సగం దారి నుంచి వెనక్కి వచ్చాను. తలుపు తీసి ఉంది. లోపల ఒకామె మా గిన్నెలు తోముతోంది. నాకంటే కాస్త పెద్దది. నన్ను చూసి పారిపోలేదు. చేతులు కడుక్కొని నిలబడింది.

"ఎవరు నువ్వు? ఎలా వచ్చావు?" అని కేకవేశాను.

"తాళంచెవి ఉందమ్మా. ఈ ఇల్లు మాదే... మాదిగా ఉండేది. దొంగను కాను. నీ వస్తువేదీ తీయలేదు."

ఆమె గోనెసంచులు కుట్టి బతికే మనిషి. భర్త పోయాడు. ఒక్కతే కూతురు. పిల్లకు ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చింది. మంచం పక్కనుంచి కదలలేదు. ఆ కాలంలో తమ సిబ్బంది ఎప్పుడు తనిఖీకి వచ్చినా ఇంటికి తాళమే కనిపించింది. 'నివాసం లేరు' అని రాసి, నోటీసు తలుపుకు అంటించి, గడువు తీరాక ఇంటి కేటాయింపు రద్దు చేశారు. చదవవలసిన మనిషి ఆసుపత్రిలో ఉంది. పిల్ల దక్కలేదు. ఒంటరిగా తిరిగి వచ్చేసరికి తన తీగ మీద మా బట్టలు ఆరుతున్నాయి.

అయ్యా, ఆ బట్టలు ఆరేసింది నేనే. నీడ దొరికిన సంతోషంలో కూనిరాగం తీస్తూ ఆరేశాను.

"మరి ఇప్పుడెందుకొస్తున్నావు?" అని అడిగాను.

"పిల్ల చివరిదాకా ఇంటికి పోదాం, ఇంటికి పోదాం అనే అడిగింది తల్లీ. రేపు తీసుకెళ్తానన్నా. రోజూ రేపే అన్నా. నాకంటే ముందు అదే వచ్చేసిందేమో! వస్తే ఇంట్లో అంతా కొత్తమొహాలు. బెదిరిపోదూ? అందుకని వచ్చి కాసేపు కూర్చుంటా. ఊరికే కూర్చోలేక గిన్నెలు తోముతా."

ఇందుకు ఏమి జవాబు చెప్పవలెనో కేటాయింపు నిబంధనలలో లేదు. "కూర్చో అక్కా" అన్నాను.

4. ఆమె సంచుల షెడ్డులో, సంచుల మీదే పడుకొంటున్నదని తెలిసింది. సాయంత్రం నా భర్తకు చెప్పాను. "అయితే మనం వాళ్ళింట్లో ఉన్నామన్నమాట" అన్నాడు. మళ్ళీ కాసేపటికి, "వెళ్ళి పిల్చుకురా" అన్నాడు.

అప్పటినుంచి ఆమె మాతోనే ఉంటోంది. తన కూలి తను తెచ్చుకొంటోంది. ఇదివరకు మా పిల్ల బడి వదిలాక నేను వచ్చేదాకా మెట్ల మీద ఆకలితో కూర్చొనేది. ఇప్పుడు ఆమె ముందే వచ్చి అన్నం పెడుతోంది.

అంతా సుఖంగా ఉందని అబద్ధం రాయను. ఆమె అప్పుడప్పుడు మా పిల్లను వేరే పేరుతో పిలుస్తుంది. మా పిల్ల ఆ పేరుకూ పలుకుతుంది. అది విన్నప్పుడు పిల్లను దగ్గరకు లాక్కుంటాను. ఒకసారి ఆమె అది చూసి, "నీకు భయమేస్తే పోతానమ్మా" అంది.

"భయమే. అయినా ఉండు" అన్నాను.

5. కింది వాటావారి ఫిర్యాదు మీద తమ గుమస్తా గారు వచ్చారు.

"ఈమె మీకేమవుతుంది?"

"అక్క."

"సొంత అక్కా?"

"ఒకే ఇంటివాళ్ళం."

"ఒకే కడుపున పుట్టారా అని అడుగుతున్నానమ్మా."

నేను నోరు తెరిచేలోగా ఆమె, "నేను వీళ్ళకేమీ కాను బాబూ, వెళ్ళిపోతున్నా" అని చెప్పులు వేసుకొంది. మా పిల్ల ఆమె చెయ్యి పట్టుకొని వదల్లేదు. గుమస్తా గారు చెడ్డవారు కారు. కలం మూసి జేబులో పెట్టుకోబోయారు. కాని రాయవలసినది రాశారు.

కావున మనవి ఏమనగా, ఆమె తన ఇంటిని వదలలేదు, పిల్ల దగ్గర ఉంది. ఇకమీదట ఎవరింటికి తాళం కనిపించినా పొరుగువారిని ఒక్క మాట అడిగి రాయవలసినదిగా సిబ్బందికి చెప్పగలరు. ఆమెకు వేరే ఇల్లు ఇస్తామంటే సంతోషమే గాని, ఆమె వెళ్ళదు. ఎందుకో పైన రాశాను. అందుచేత ఆమెను మా కుటుంబంలో చేర్చి, అక్క, వదిన, అత్త, తమ నిబంధనకు ఏది కుదిరితే ఆ వరస రాసుకోవలెను. అదీ కుదరనిచో ఇల్లు ఆమె పేర మార్చి, మమ్మల్నే ఆమె బంధువులుగా చేర్చినా మాకు సమ్మతమే.

ఆమెను పంపివేసి ఇల్లు నిలుపుకోమని మాత్రం సెలవియ్యవద్దు. పంపినా వస్తుంది. తాళం మార్చినా వస్తుంది. ఆమె రాని రోజున కూడా మాకు వచ్చినట్టే ఉంటుంది.

ఒక బిడ్డ తల్లి మరొక బిడ్డ తల్లి గురించి రాసుకొన్న ఈ నాలుగు ముక్కలు చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
మూడో అంతస్తు చివరి వాటా మనిషి

తా.క.: విచారణకు తమరే స్వయంగా వస్తారని గుమస్తా గారు అన్నారు. తప్పకుండా రండి. కాని అయ్యా, తలుపు కొట్టకండి. మెట్ల దగ్గర నుంచే గట్టిగా పిలవండి, నేను వస్తాను. తలుపు చప్పుడైతే ఆమె చేతిలో పని వదిలేసి మా అందరికంటే ముందు పరుగెత్తుకొచ్చి తీస్తుంది. తీసి, వచ్చిన మనిషి మొహం చూడదు. ముందు కిందికి చూస్తుంది, చిన్నపిల్ల నిలబడితే మొహం ఉండే ఎత్తుకు. ఆ తరువాతే తలెత్తుతుంది.