వేడినీళ్ళలో తేలిన మబ్బు

బావా,

నువ్వు చేపల వేటకెళ్ళి తిరిగిరాక నేటికి ఏడాది. బోటెక్కే ముందు భీమిలి ఒడ్డున తీసి, కెమెరా నా చేతికిచ్చావే, ఆ చివరి ఫోటోని ఇవాళ నేనే అచ్చువేశాను. విశాఖ ద్వారకా నగర్‌లో కార్బన్ ప్రింటింగ్ నేర్పుతున్నారంటే నెగెటివ్ పెద్దది చేయించి పట్టుకెళ్ళాను. తోడుగా నీ తమ్ముడు రాజు వచ్చాడు.

మసి కలిపిన జెలటిన్ పూసిన కాగితం మీద నెగెటివ్ పెట్టి వెలుతురు చూపించాం. దాన్ని తెల్లకాగితానికి అతికించి వేడినీళ్ళలో వేశాం. పై కాగితం ఊడిరాగానే అంతా నల్లటి ముద్ద.

"కంగారు పడకమ్మా, వెలుతురు తగల్నిదంతా కరిగిపోద్ది," అన్నారు నేర్పే మేస్టారు.

ట్రే ఊపుతుంటే ముందు ఒడ్డు, తర్వాత బోటు కనిపించాయి. సముద్రం మీది నలుపు మాత్రం ఎంత కడిగినా పోలేదు.

"అది మబ్బమ్మా. మరి కరగదు," అన్నారాయన.

అంటే నువ్వు దాన్ని చూసే వెళ్ళావు.

ఈ సాయంత్రం రాజు కూడా వేటకెళ్తున్నాడు. గాలికి కిటికీ రెక్కలు కొట్టుకోవడం మొదలుపెట్టాయి. "ఎల్లకు రాజూ," అని చెయ్యి పట్టుకున్నాను.

"ఫోటోలో మబ్బుకి బయమేటి వదినా! దాన్ని ఆరనీ, తిరిగొచ్చి అట్టుకెల్తాను," అని నవ్వుతూ మెట్లు దిగిపోయాడు.