ఐదు తెల్లని పోగులు

అమ్మా మఫ్తూనా,

నీ కొడుకు ఎడమచేతిని తొట్టె కట్లు లేకుండా ఎప్పుడైనా చూశావా? పాలిచ్చేటప్పుడూ కాదు, నిద్రపుచ్చేటప్పుడూ కాదు. వాడు మేలుకుని, కడుపు నిండి, పరుపు మీద వెల్లకిలా ఆడుకుంటుండగా చూశావా? చూడలేదని నాకు తెలుసు. తెలిసే అడుగుతున్నాను.

నీకూ బిడ్డకూ ఆ ఇంట్లో అందరికీ దైవశాంతి కలుగుగాక. మర్గిలాన్‌లో మేమంతా క్షేమం. మీ నాన్నకు మోకాలి నొప్పి తగ్గింది, నోటి దురుసు తగ్గలేదు. ఈ ఏడు మల్బరీ ఆకు దండిగా వచ్చింది. వెనకగదిలో పట్టుపురుగులు వాన పడుతున్నట్టు చప్పుడు చేస్తూ మేస్తున్నాయి. ఈ ఉత్తరం మీ తమ్ముడు ఇల్హోమ్ చేతికిచ్చి పంపుతున్నాను. ఫోన్ చేస్తే మీ అత్తగారు ఎత్తుతుంది. నేను బిడ్డ చెయ్యి అనగానే అక్కడ పొయ్యి మీద పాలు పొంగుతాయి. ఎన్నిసార్లు పొంగుతాయమ్మా పాలు?

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. "అస్రోర్ నా వేలిని గట్టిగా పట్టుకుంటున్నాడు, మరి చెయ్యి ఎత్తడేం? మోచెయ్యి వంచడేం? దిష్టి అని అత్తయ్య తాయెత్తు కట్టింది. కాన్పు తర్వాతి చిల్లా నలభై రోజుల్లో నేనేమైనా చెయ్యరాని పని చేశానా?" అని అడిగావు. చివరి ప్రశ్నకు ముందు జవాబు. నువ్వేమీ చెయ్యలేదు. ఇంకోసారి ఆ మాట రాస్తే ఉత్తరం చించేస్తాను.

మిగతా ప్రశ్నలకు జవాబు నా దగ్గర లేదు. అందుకని మన ఆసుపత్రిలో నరాల డాక్టరు సాబిరోవా దగ్గరికి వెళ్లాను. ఆమె నా వెనక చూసింది.

"పిల్లాడేడమ్మా?"

"చుస్త్‌లో, అత్తగారింట్లో, బేషిక్ తొట్టెలో కట్టి ఉన్నాడు."

"మరి మీరెందుకొచ్చారు?"

"నాకు అర్థం కావాలి. అర్థం కాని దాని గురించి పోట్లాడలేను."

నవ్వింది, కూర్చోబెట్టింది. నీ కాన్పు ఎలా జరిగిందో అడిగింది. బిడ్డ బొద్దుగా ఉన్నాడనీ, తల వచ్చాక భుజం ఇరుక్కుందనీ, మంత్రసాని లాగిందనీ చెప్పాను. ఆమె కాగితం మీద ఒక బొమ్మ గీసింది. పైన మెదడు. దాని కింద వెన్నెముక గొట్టంలో దిగే వెన్నుపాము, చిటికెన వేలంత లావు. దాని నుంచి రెండు పక్కలా కొమ్మల్లాగా నరాలు. మెదడు చేసే ఆజ్ఞ ఆ దారిన దిగి కండకు చేరుతుంది. చర్మానికి తగిలిన వేడీ చలీ నొప్పీ అదే నరంలో పక్క పోగు పట్టుకుని పైకి ఎక్కుతాయి. చేతికి వెళ్లేవి మెడ దగ్గర ఐదు పాయలుగా బయలుదేరతాయి. భుజం కింద కలుస్తాయి, విడిపోతాయి, మళ్లీ కలుస్తాయి. మగ్గం మీద పడుగు కట్టలు విడదీసి మళ్లీ ముడివెయ్యడం చిన్నప్పటి నుంచి చూసినదానివి, నీకు చెప్పక్కర్లేదు. పై రెండు పాయలు భుజాన్నీ మోచేతినీ చూసుకుంటాయి. కింది పాయలు వేళ్లను. ఇప్పుడు తెలిసిందా, పిడికిలి బిగించేవాడు చెయ్యెందుకు ఎత్తడో? మెదడు బాగానే ఉంది. వెన్నుపాము బాగానే ఉంది. నీ కొడుకు రోజంతా చెయ్యెత్తమని ఆజ్ఞ ఇస్తూనే ఉండవచ్చు. మంత్రసాని లాగినప్పుడు మెడ పక్కన నరం సాగి దెబ్బతిని, ఆ ఆజ్ఞ భుజానికి చేరడం లేదు.

డాక్టరు చెప్పింది కదా అని నమ్మేస్తే నేను హబీబా ఓతిన్‌ని ఎలా అవుతాను? ఇన్నేళ్లుగా ఆడవాళ్లను కూర్చోబెట్టి గ్రంథం చదివి అర్థం చెబుతున్నాను. మీలోనే సూచనలు పెట్టాను, మీరు చూడరా అని దేవుడు అడిగిన చోటికి వచ్చినప్పుడల్లా గొంతు పెంచి చదివేదాన్ని. చదివానే గాని ఎప్పుడు చూశాను? తిన్నగా బజారుకు, కసాయి నెమత్ దగ్గరికి పోయాను. అప్పుడే ఒక గొర్రె కోశాడు.

"భుజం లోపలివైపు విప్పి చూపించు నెమత్."

"కూరకా, ప్రవచనానికా ఓతినాయి? ప్రవచనానికైతే ఎముకలు కూడా మీరే తీసుకోవాలి."

విప్పాడు. ఎర్రగా బోలుగా ఉన్నవి రక్తనాళాలు. మెరుస్తూ గట్టిగా ఎముకకు అతుక్కున్నవి కండర బంధనాలు. వాటి మధ్య మెత్తగా, పాలమీగడ రంగులో, మెడ నుంచి కాలి వైపు దిగుతున్న తాళ్లు. బొమ్మలో ఉన్నట్టే కలిసి, విడిపోయి, మళ్లీ కలిసి. కత్తి వెనకవైపుతో బంధనాన్ని నొక్కమన్నాను. ఏమీ కాలేదు. తెల్లతాడును నొక్కమన్నాను. కాలు విదిలించింది. నెమత్ రెండడుగులు వెనక్కి వేశాడు.

"ఓతినాయి, మీరొస్తే చచ్చిన గొర్రెలు కూడా లేచి పాఠం అప్పజెబుతున్నాయి."

ఆ పూట నాకొకటి గుర్తొచ్చింది మఫ్తూనా. మన ధర్మం కసాయికి ఏం చెప్పింది? గొంతు కోసేటప్పుడు కత్తి మెడ లోపలి తెల్లమజ్జ దాకా పోనివ్వకు, ప్రాణం పోయేదాకా దాన్ని తెంపకు అని కదా. గొర్రె వెన్నుపాముకు చూపిన మర్యాద నీ కొడుకు మెడకు దక్కవద్దా? మనిషి వేళ్ల కొసల్ని సైతం తిరిగి సరిగ్గా కూరుస్తానన్నవాడు మన దేవుడు. వేలికొసను మరవనివాడు ఇచ్చిన చేతిని మనం గుడ్డతో చుట్టి, తాయెత్తు తగిలించి, ఆయన చిత్తం అని ఆయన మీదికే తోస్తామా? నేను తొయ్యను.

మొన్న శుక్రవారం మన వీధిలో కొత్త బేషిక్ వేడుకకు నన్ను పిలిచారు. తొట్టెకు దిష్టి పోవాలని ఇసిరిఖ్ ఆకు పొగ పట్టారు, మిఠాయి చల్లారు. బిడ్డను పడుకోబెట్టి, చేతులు రెండూ తిన్నగా ఒంటికి ఆనించి, పట్టీ పట్టుకుని నా దువా కోసం చూస్తున్నారు. నేను గ్రంథం ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను.

"ముందు చేతులు వదలండి. రెండూ ఎత్తుతాడో లేదో చూసి చదువుతాను."

ఒక ముసలామె అంది, "మా అమ్మలు చూశారా? వాళ్లమ్మలు చూశారా?"

"చూడలేదు. అందుకే చూడమంటున్నాను."

మూల నుంచి ఇంకొకతి, "ఓతినాయి గ్రంథం మూసి గొర్రెను తెరిచిందంట కదా."

గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. "మూయలేదమ్మా. గ్రంథంలో చదివింది గొర్రెలో చూశాను. నీకు కళ్లుంటే నువ్వూ రా" అన్నాను. నేను పట్టుపట్టాను, వాళ్లూ పట్టుపట్టారు. చివరికి ఇంకొకామె చదివింది. నేను టీ ముట్టకుండా లేచి వచ్చాను.

మీ అత్తగారి మాట కూడా నాకు గుర్తుంది. పోయినసారి వచ్చినప్పుడు కట్లు వదులు చెయ్యమని చిన్నగా అడిగాను. "మా వంశమంతా ఈ బేషిక్‌లోనే పెరిగింది వదినగారూ, ఎవరి చెయ్యీ ఊడిపోలేదు" అంది. మీ వంశం చేతుల సంగతి కాదు వదినగారూ, ఈ ఒక్క చేతి సంగతి అని నేను అప్పుడే అనాల్సింది. ఇప్పుడు ఇల్హోమ్ ఆమె ముందే అంటాడు. ఆమె చెడ్డది కాదమ్మా. పొద్దున్నుంచి రాత్రి దాకా కట్టి ఉంచిన బిడ్డ చెయ్యి ఎత్తలేడని ఆమెకు మాత్రం ఎలా తెలుస్తుంది? ఆ కట్లు అందరి కళ్లకూ గంతలు కట్టాయి. రష్యాలో ఉన్న అల్లుడికి ఫోన్ చేశాను. "మా అమ్మను అడగండి" అన్నాడు. నేను అడగదలచుకోలేదు.

ఇక ఇంతసేపూ దాచిన మాట.

నిన్ను అడగకుండా తాష్కెంట్‌లో పిల్లల నరాల ఆసుపత్రిలో నీ బిడ్డ పేరు రాయించాను. రేపే చూస్తారు. సాగిన నరం తనంతట తాను కోలుకుంటే సరి. తెగి ఉంటే మళ్లీ పెరగాలి, అది రోజుకు గసగసాల గింజంత మాత్రమే పాకుతుందట. అది చేరేదాకా కండ ఎదురుచూస్తూ ఉండాలి, కీలు బిగుసుకుపోకూడదు. మూడో నెల నిండేసరికి మోచెయ్యి వంగకపోతే, పిక్కలో నుంచి ఒక నరం తీసి మెడ దగ్గర అతికే కోత అవసరం కావచ్చునంది సాబిరోవా. అవసరమైతే చెయ్యండి అని తల్లివైన నీ బదులు నేను ఒప్పేసుకున్నాను. అది నా హక్కు కాదు, నీది. వద్దంటే అక్కడికొచ్చి నా ముఖం మీదే వద్దను.

ఇంకొకటి. జనం ముందు మాట్లాడేటప్పుడు "బహుశా" అన్న మాట నా నోట ఎన్నడూ రాలేదు. ఇవాళ రాస్తున్నాను. వాడు చెయ్యెత్తుతాడో లేదో నాకు తెలియదు. డాక్టరుకూ తెలియదు. చాలామందికి బాగవుతుందంది, అందరికీ అనలేదు. బాగవుతుందన్న మాట ఇచ్చి నిన్ను రప్పించుకోవచ్చు. అబద్ధంతో నిన్ను కదిలించలేను. తెలియదు కాబట్టే వెళ్లాలి. తెలిసిపోయేదాకా కూర్చుంటే ఆలస్యమైందన్న ఒక్కటే తెలుస్తుంది.

ఇల్హోమ్ వాకిట్లో ఉన్నాడు. కారు ఇంజను ఆపవద్దని చెప్పి పంపాను. ఎవరికీ ఏమీ చెప్పకు, వాదించకు. వాదన నా పని, దానికి నేనున్నాను. బేషిక్ దగ్గరికి పో. పట్టీలు విప్పు. తాయెత్తు ఉంచాలంటే ఉంచు, అది బరువేమీ కాదు. చంకల కింద చేతులు పెట్టి ఎత్తకు. మెడకూ నడుముకూ అరచేతులు ఆనించి ఎత్తు. చొక్కా తొడిగేటప్పుడు ముందు ఎడమచెయ్యి. ఆ చేతిని లాగకు, ఎవరినీ లాగనివ్వకు. ఎలా కదపాలో రేపు వాళ్లే చూపిస్తారు.

మీ అత్తగారు గడప దగ్గర నిలబడితే, ఆమె చేతినే పట్టుకుని వాడి భుజం మీద పెట్టు. "చూడండి అత్తయ్యా" అను. చూశాక కూడా అడ్డం నిలబడితే, పక్కనుంచి దాటుకుని రా. ఆమెకు దువా నేను చేస్తాను.

ఇట్లు,
తాష్కెంట్ ఆసుపత్రి మెట్ల మీద నీ కోసం కూర్చోబోయే
మీ అమ్మ

ఉత్తరం మడవడానికి కూడా ఆగకు. బిడ్డను ఎత్తుకో. ఇవాళే, ఇప్పుడే బయలుదేరు.