అక్కడ మా మావయ్య ఉన్నారండి

లంక బడి,
ఆదివారం.

ధవళేశ్వరంలో ఉన్న అచ్చిబాబు మావయ్య గారికి, మేనకోడలు రామతులసి నమస్కారాలు.

ఇక్కడ నేనూ, పిల్లలూ, బడీ క్షేమమే. గోదావరి కూడా నెమ్మదించి తన దారిన తాను పోతోంది. మీరూ అత్తయ్యా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఉండకపోవడానికి ఇప్పుడు కారణమేమీ లేదు కదా.

మీరు పంపిన పూతరేకుల పెట్టె, అందులో మడిచి పెట్టిన ఉత్తరం మంగళవారం పొద్దున రేవు దాటిస్తూ పడవలోనే జయపాల్ నా చేతికిచ్చాడు. నేను ఫోన్ ఎత్తడం లేదని అమ్మతో అన్నారట. నిజమే, ఎత్తడం లేదు. మీ గొంతు వింటే నాకు ఏడుపొస్తుంది. ఏడిస్తే మీరు ఓదారుస్తారు. మీరు ఓదారిస్తే నేను ఎప్పటిలాగే సరేనంటాను. కాగితం మీదయితే ఆ భయం లేదు. ఇంకో సంగతి మీరు గమనించే ఉంటారు. మాటలు వచ్చిన దగ్గర్నుంచి మిమ్మల్ని "నువ్వు" అన్నదాన్ని, ఇవాళ "మీరు" అని రాస్తున్నాను. పరాయివాళ్ళతో మర్యాదగా ఉండాలని నేర్పింది మీరే.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు రాస్తాను.

వరండా రేకు ఇంకా కారుతోందా అని అడిగారు. లేదు. జయపాల్, ఇంకో ఇద్దరు పిల్లల నాన్నలు పైకెక్కి తారు పూశారు. హాజరు యాప్‌లో నా ముఖం పడుతోందా అన్నారు. పడుతోంది. గట్టు మీద, మోటారు షెడ్డు పక్కన నిలబడి ఫోన్ పైకెత్తితే సిగ్నల్ వస్తుందని మీరు చూపించిన చోటే రోజూ నిలబడుతున్నాను. ఫొటోలో నవ్వు మాత్రం రావడం లేదు. యాప్‌కి నవ్వుతో పని లేదు కాబట్టి సరిపోతోంది. మహాలక్ష్మమ్మ గారు పప్పులో ఉప్పు తగ్గించారా అన్నారు. తగ్గించలేదు సరికదా, మీరు వెళ్ళాక పెంచారు. మీ మీద కోపమంతా పిల్లల పప్పులో చూపిస్తున్నారు.

పిల్లలు నా మాట వింటున్నారా అని అడిగారు. మొదట్లో వినలేదు. ఐదు తరగతులూ నేనొక్కదాన్నే. ఒకళ్ళకి ఎక్కాలు చెప్పి ఇటు తిరిగితే, చూసిరాత రాస్తున్నవాళ్ళు పలకలతో కొట్టుకునేవాళ్ళు. అరిచి అరిచి గొంతు పోయింది. గొంతు పోయిన రోజున గుసగుసగా కథ చెప్పాను. అప్పుడు మొదటిసారి అందరూ దగ్గరికి జరిగి నోళ్ళు మూసుకుని విన్నారు. అప్పటినుంచి గొంతు బాగున్నా గుసగుసగానే మొదలుపెడుతున్నాను. రెండో తరగతి వాళ్ళకి తీసివేతలు చింతగింజలతో చెప్పాను. ఇప్పుడు నాకన్నా ముందే జవాబు చెప్పేస్తున్నారు. మీరుంటే మీకు చూపించి గొప్పలు పోయేదాన్ని.

కానీ పొద్దున్నే రేవుకి రావడం మాత్రం వాళ్ళు మానలేదు. మీ సంచి ఒకరు, గొడుగు ఒకరు, క్యారేజీ తబిత, ఇలా పంచుకుని మోసుకెళ్ళేవాళ్ళు కదా. ఇప్పుడూ అలాగే వచ్చి నిలబడుతున్నారు. నేను పడవ దిగుతుంటే నా వెనక ఇంకెవరున్నారా అని చూస్తారు. ఎవరూ లేరని చూసుకుని బడికి పరిగెత్తుతారు. నా సంచి నేనే మోసుకుంటాను.

ఇక మీ చివరి ప్రశ్న. "నా మీద కోపమొచ్చిందా తల్లీ?" అని రాశారు. దీనికి కాస్త ఎక్కువ కాగితం పడుతుంది.

పళ్ళెంలో బియ్యం మీద నా వేలు పట్టుకుని ఓనమాలు దిద్దించింది మీరు. పంతులమ్మని కావాలని నాకు బుద్ధి పుట్టింది మిమ్మల్ని చూసే. సెలక్షన్ వచ్చిన రోజు మీరు మా ఇంటికి పరిగెత్తుకొచ్చి, నన్ను చిన్నపిల్లలా ఎత్తబోయి నడుం పట్టేసి కూర్చున్నారు. ఆ సాయంత్రమే కదా, మా వీధి అరుగు మీద బజ్జీలు తింటూ అన్నారు:

"తులసీ, ఊళ్ళో పెద్ద బడిలో పడ్డావంటే ఎనిమిది మంది సీనియర్లకి చాక్‌పీసులు అందించడమే నీ పని. లంకలో ఇంకో పోస్టు ఖాళీగా ఉంది. అక్కడైతే నువ్వూ నేనూ. పిల్లలు బంగారాలు. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుంటే గాలికి నిద్రొస్తుంది. పక్క గదిలో నేనుంటాను. నీకు భయమేంటి? వచ్చెయ్."

అమ్మ ఎంత మురిసిపోయిందో మీరు చూశారు. కౌన్సెలింగ్‌లో నా వంతు వచ్చినప్పుడు ఆ ఆఫీసరు గారు నన్ను రెండుసార్లు అడిగారు. "ఏమ్మా, మీ ర్యాంకుకి ద్రాక్షారామం పక్కనే ఖాళీ ఉందండి. మీ ఇంటి నుంచి నడిచెళ్ళొచ్చు. ఆ లంక ఎవరూ పెట్టుకోరు. ఆలోచించుకునే చెప్తున్నారా?"

నేను మైకులో వినపడేలా, గర్వంగా అన్నాను: "అక్కడ మా మావయ్య ఉన్నారండి."

ముందు వరసలో కూర్చున్న మాస్టర్లు ఒకళ్ళ ముఖం ఒకళ్ళు చూసుకుని నవ్వారు. చిన్నపిల్ల, మావయ్య అంటోందని ముచ్చటపడుతున్నారనుకున్నాను. నేనూ తిరిగి నవ్వాను మావయ్యగారూ. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ పడవలో కూర్చున్నదాన్ని తల దించేసుకుంటాను.

చేరిన మొదటి వారం నా బతుకులోకెల్లా మంచి వారం. తాళం ఎటు తిప్పాలో, వాన పడితే బియ్యం బస్తాలు ఎక్కడికి జరపాలో, ఏ పిల్లవాడికి దూరపు అక్షరాలు కనపడవో, ఎవరింట్లో నాన్న తాగొస్తే ఆ పిల్లని మర్నాడు ఏమీ అడగకూడదో, అన్నీ చెప్పారు. మా మావయ్య లాంటి గురువు ఎవరికి దొరుకుతాడని రాత్రిళ్ళు అమ్మకి ఫోన్ చేసి చెప్పుకున్నాను. మీరు నాకు నేర్పుతున్నారనుకున్నాను. అప్పజెబుతున్నారని తెలియలేదు.

ఆ తర్వాత మండలంలో టీచర్ల మీటింగుకి ఈసారి నన్ను వెళ్ళమన్నారు. "నలుగురితో పరిచయమవుతుంది, పిల్లల్ని నేను చూసుకుంటాలే" అన్నారు. అక్కడ ఎంఈఓ గారు నన్ను చూడగానే లేచి మరీ పలకరించారు. "మీరేనా అమ్మా అచ్చిబాబు గారి రిలీవరు? జూన్‌లో ధవళేశ్వరానికి ఆర్డరు వచ్చిందండి ఆయనకి. బదులుగా ఎవరైనా వచ్చి చేరితే గానీ వదలడానికి లేదు కదా, ఆ కాగితం పట్టుకుని తిరగని చోటు లేదు పాపం. మీరొచ్చి ఆయన్ని ఒడ్డున పడేశారు."

రిలీవరు అనే మాట నాకు తెలుసు. అది నేనేనని తెలియదు.

తిరిగి వచ్చేసరికి రేవులో జయపాల్ అన్నాడు, "సారు మధ్యాహ్నమే దాటేశారండి. బీరువాలో సామాను నేనే మోశాను. మీకు తెలుసనుకున్నానండి." బడి తాళం మహాలక్ష్మమ్మ గారి కొంగున ఉంది. పిల్లలు అన్నాలకి కూర్చున్నప్పుడు మీరు వెనక అరటితోట దారిన వెళ్ళారని ఆవిడ చెప్పారు. వాళ్ళు చూస్తే వెంటపడతారని అలా వెళ్ళి ఉంటారు. వాళ్ళ సంగతి సరే. మరి నాకెందుకు చెప్పలేదు? నేను మీ వెంటపడి ఏడుస్తాననా?

అత్తయ్య మోకాళ్ళు అరిగిపోయి మంచం దిగలేకపోతోందని నాకు తెలియదా? వరదల్లో, వానల్లో ఇన్నేళ్ళు ఈ లంకకి దాటారు, ఇక చాలనుకోవడం తప్పని ఎవరన్నారు? "తులసీ, నేనిక్కడ ఇరుక్కుపోయాను, నువ్వొస్తే బయటపడతాను" అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. వచ్చేదాన్నా? ఏమో, నిజం చెప్పాలంటే నాకూ తెలియదు. ఒక రోజు ఆలోచించుకునేదాన్ని. మీరు ఆ ఒక్క రోజు కూడా నాకు ఇవ్వలేదు. నన్ను నమ్మించడమే తేలికనుకున్నారు. నేను మిమ్మల్ని ఎంత నమ్ముతానో మీకు బాగా తెలుసు కాబట్టే ఆ పని చేయగలిగారు. నాకు మండిపోయేది అందుకే.

అమ్మతో "ఆర్డరు హఠాత్తుగా వచ్చిందక్కా, ఏం చేస్తాం" అన్నారట. అమ్మ నమ్మింది. జూన్ సంగతి నేను చెప్పలేదు. మీ అక్కకి మీరే చెప్పుకోండి.

మీ ఉత్తరంలో అసలు విషయం డెప్యుటేషన్. ఖాళీగా ఉన్న రెండో పోస్టులోకి ఎవరైనా వచ్చి చేరితే చాలు, పెద్దవాళ్ళతో మాట్లాడి నన్ను ద్రాక్షారామం వేయిస్తానని రాశారు. "నీ స్నేహితురాళ్ళకి ఎవరికైనా ఈ స్కూలు గురించి మంచిగా చెప్పు" అని కూడా రాశారు. అది చదివి పెట్టె మూసేశాను. ఇంత తెగించి ఎలా రాశారా అనుకున్నాను. నేనైతే అలాంటి పని చేయను గాక చేయను అనుకున్నాను.

ఇప్పుడు రాయబోయేది ఇంకెవరికీ చెప్పలేదు.

ఆ సాయంత్రమే హేమశ్రీ ఫోన్ చేసింది. తుని అమ్మాయి, డీఎడ్‌లో నా పక్క బెంచీ, మీరు చూశారు. సర్టిఫికెట్ల దగ్గర ఏదో పేచీ వచ్చి ఆగిపోయిందా, ఇప్పుడు దాని కౌన్సెలింగ్ వచ్చింది. "మీ లంక కూడా ఖాళీల్లో ఉందే. ఎలా ఉంటుంది?" అని అడిగింది.

నేను వెతుక్కోనక్కర్లేకపోయింది మావయ్యగారూ. మాటలు వాటంతటవే వచ్చాయి. "పిల్లలు బంగారాలే. మధ్యాహ్నం గట్టు మీద కూర్చుంటే గాలికి నిద్రొస్తుంది. పక్క గదిలో నేనుంటాను కదా. వచ్చెయ్." అది నవ్వి, "నువ్వున్నావుగా, చాలు. అదే పెట్టుకుంటా" అంది.

మీరు ఆ అరుగు మీద అబద్ధం చెబుతున్నప్పుడు మీ మనసు కొంచెమైనా పీకి ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకుంటూ వచ్చాను. అలా అనుకోవడం నాకు కాస్త ఊరటగా ఉండేది. ఆ సాయంత్రం తెలిసింది, ఏమీ పీకదు. చాలా తేలిగ్గా ఉంటుంది. అన్నం తిన్నాను, పడుకున్నాను, హాయిగా నిద్ర కూడా పట్టింది. మీ మీద కంటే నాకు నా మీదే భయమేసింది ఆ తర్వాత.

మర్నాడు పూతరేకులు బడికి పట్టుకెళ్ళి, సారు పంపారని పంచాను. అందరూ మూతులకి పొడి పూసుకుని ఆడుకుంటున్నారు. తబిత మాత్రం తనది తినకుండా చేతిలో పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"టీచరు గారండీ, సారు మాకు చెప్పకుండా ఎల్లిపోయారండి."

"ఆయ్, తెలుసమ్మా."

"మీరు ఎల్లేటప్పుడు చెప్తారాండి?"

వెళ్తారా అని అడగలేదు. వెళ్ళడం ఖాయమనే అనుకుంటోంది. చెప్తే చాలంటోంది. మూడో తరగతి పిల్ల.

అన్నాల వేళకి గట్టెక్కి హేమశ్రీకి ఫోన్ చేశాను. మీ సంగతీ, నా సంగతీ, డెప్యుటేషన్ సంగతీ అంతా చెప్పేశాను. అంతా వింది. "నిన్న నాతో అంతసేపు నవ్వుతూ మాట్లాడావు కదే" అంది చివరికి. మళ్ళీ, "నువ్వు ఉంటున్నావా, పోతున్నావా?" అని అడిగింది. ఉంటున్నానన్నాను. అప్పటిదాకా నాకూ తెలియదు. అది తుని దగ్గర ఇంకో బడి పెట్టుకుంది. పెట్టుకున్నానని మెసేజ్ పెట్టింది, అంతే. ఫోన్ చేస్తే ఎత్తడం లేదు. ఎందుకు ఎత్తడం లేదో నాకు తెలియనిది కాదు.

కాబట్టి రెండో పోస్టు ఖాళీగానే ఉంది. డెప్యుటేషన్ మాట ఇక ఎవరి దగ్గరా ఎత్తకండి. నేను ఇక్కడే ఉంటాను, ఎప్పుడైనా వెళ్ళాల్సి వస్తే చెప్పి వెళ్తాను. మీ మీద కోపం పోయిందా అంటే పోలేదు. ఎప్పుడు పోతుందో చెప్పలేను.

జయపాల్ రేపు పడవ ఇంజను సామాన్ల కోసం రాజమండ్రి వస్తున్నాడు. ఈ ఉత్తరంతో పాటు ఒక స్టీలు డబ్బా ఇస్తాడు. సారు పూతరేకులు పంపితే మనం ఊరికే ఉండకూడదని నిన్న పిల్లలంతా రేగుపళ్ళు ఏరారు. కవర్లో పోసేద్దామంటే తబిత ఒప్పుకోలేదు, నలిగిపోతాయంది. తన అన్నం డబ్బా కడిగి, తుడిచి, అందులో పోసింది. మూత మీద మేకుతో దాని పేరు గీసి ఉంటుంది చూడండి. ఆ అక్షరాలు మీరు నేర్పినవే.

"డబ్బా పంపేస్తే సోమవారం దేన్లో తింటావే?" అన్నాను.

"సారు తెచ్చిచ్చేత్తారు కదండీ" అంది.

డబ్బా జయపాల్ చేత తిప్పి పంపొద్దు, బస్సులో వెయ్యొద్దు. నువ్వే తీసుకురా మావయ్యా. పొద్దుటి పడవకి రా, పిల్లలు రేవులో ఉంటారు. వాళ్ళకి చెప్పి వెళ్ళు. అప్పటిదాకా తబిత నా డబ్బా మూతలో తింటుంది.

ఇట్లు,
నీ మేనకోడలు
రామతులసి