నీ బిడ్డ ఇంటర్వ్యూ

అన్నా,

నువ్వు పోయి రేపటికి ఏడాది. తెలంగాణ కోసం భూపాలపల్లి రోడ్డు మీద వంటావార్పు జేసిననాడు నువ్వు వండిన ఉప్పెక్కువైన పప్పుచారు ముచ్చట డిపార్ట్‌మెంట్ల ఇంకా నడుస్తనే ఉంది.

ఇయ్యాల మన యూనివర్సిటీల లెక్చరర్ పోస్టుకు ఇంటర్వ్యూలైనయి. కమిటీల నేనున్న, జాబితాల నీ బిడ్డ పేరుంది. చుట్టాలొస్తే రాసిచ్చి బయటికి పోవాలని రూలు. "ఆమె నీకేమైతది? కూసో" అన్నడు పెద్దసారు. నిజమే, మన కులాలు గూడ ఒకటి కాదు. అయినా కాయితం మీద 'మా అన్న బిడ్డ' అని రాసి లేచిన.

నీ బామ్మర్ది ఇంటర్వ్యూకొచ్చిననాడు నువ్వు గిట్లనే లేచి బయటికి పోతివి. వదిన నెల రోజులు నీతోని మాట్లాడలె. నాకీ రోగం అంటించింది నువ్వే.

ఉద్యోగం వేరేటోళ్లకొచ్చింది అన్నా. లోపల ఒక్క మాట జెప్పేటందుకు నేనుంటే ఏమైతుండెనో. మెట్ల కాడ తల వంచుకొని నిలబడ్డ. బిడ్డనే వచ్చి నా చెయ్యి పట్టుకున్నది.

"బాపు ఉన్నా లోపల కూసోకపోతుండె కాకా. ఈడనే, నీ పక్కన నిలబడుతుండె."